వెండేనా అన్నది ఒక ప్రశ్న, ఎంత వెండి అన్నది ఇంకో ప్రశ్న

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో మహంకాళి అమ్మవారి గుడి చుట్టుపక్కల సందుల్లో తెల్లగా మెరిసే పూజా సామాను అమ్మే దుకాణాలు వరసగా ఉంటాయి. అక్కడి నుంచి పాట్ మార్కెట్ వైపు నడిస్తే బంగారం, వెండి దుకాణాలు మొదలవుతాయి. రెండుచోట్లా అద్దాల వెనక ఉన్నవి కుంకుమ భరిణెలు, పన్నీరు బుడ్లు, పళ్లేలు, దీపపు కుందులే. అద్దం ఇవతల నిలబడి చూస్తే ఏది వెండో, ఏది జర్మన్ సిల్వరో చెప్పడం వ్యాపారంలో తలపండినవాళ్లకు కూడా కష్టం. జర్మన్ సిల్వర్ అంటే రాగి, నికెల్, జింక్ కలిపిన లోహం. అందులో వెండి ఉండదు. చాలా వస్తువులకు మెరుపు కోసం పైన పల్చగా వెండి పూత వేస్తారు. జర్మన్ సిల్వర్ అని చెప్పి, ఆ ధరకే అమ్మితే మోసమేమీ లేదు. పెళ్లిళ్లలో రిటర్న్ గిఫ్టులుగా వేలకొద్దీ ఇళ్లకు చేరుతున్నవి అవే. చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. పదేళ్లు గడిచాక బీరువాలో అసలు వెండి, రిటర్న్ గిఫ్టులు, అమ్మమ్మ ఇచ్చిన చెంబు అన్నీ ఒకే మూటలో కలిసిపోతాయి. ఏది ఏదో ఇంట్లో ఎవరికీ గుర్తుండదు.

వెండి చవగ్గా ఉన్నన్నాళ్లు ఈ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. 2025 మొదట్లో కిలో లక్ష రూపాయల లోపు ఉన్న వెండి ఆ ఏడాది చివరికి 2 లక్షలు దాటింది. దాంతో మూటలు విప్పుతున్నారు. అయస్కాంతం పెట్టి చూడండి, ఐసు ముక్క పెట్టి చూడండి అని ఫోన్లలో చిట్కాలు తిరుగుతున్నాయి. చిట్కాల్లో చాలావరకు అబద్ధం కాదు. అయితే ఏ చిట్కా ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో ఎవరూ చెప్పడం లేదు. ఇంట్లో చేసే పరీక్షలు ‘ఇది వెండేనా’ అన్నదానికి జవాబు చెప్పగలవు, అదీ జాగ్రత్తగా చేస్తే. ‘ఇందులో ఎంత వెండి ఉంది’ అన్నదానికి దాదాపు చెప్పలేవు. మన డబ్బు ఎక్కువగా పోయేది మాత్రం ఈ రెండో ప్రశ్న దగ్గరే.

అయస్కాంతంతో మొదలుపెడదాం. వెండి అయస్కాంతానికి అంటుకోదు. వస్తువు గట్టిగా అంటుకుందంటే లోపల ఇనుమో నికెలో ఉన్నట్టే. అంటుకోకపోతే? ఏమీ తేలలేదన్నమాట. రాగి, ఇత్తడి, అల్యూమినియం, సీసం, జర్మన్ సిల్వర్ ఇవేవీ అంటుకోవు. స్టీలులో కూడా కొన్ని రకాలు అంటుకోవు. అందుకే ఈ పరీక్షలో ఫెయిలైన వస్తువును అనుమానించవచ్చు, పాసైనదాన్ని మాత్రం నమ్మకూడదు. ఇంకో సంగతి. గొలుసు కొక్కెంలో ఉండే చిన్న స్ప్రింగు చాలాసార్లు ఉక్కుదే. పట్టీల గజ్జెల్లో గలగలలాడే గుండ్లు ఇనుపవి కావచ్చు. అక్కడ అయస్కాంతం అంటుకుందని పట్టీ మొత్తాన్ని నకిలీ అనేయకండి. వస్తువు ఒంటి మీద నాలుగైదు చోట్ల పెట్టి చూడాలి.

ఐసు పరీక్షకు జనం అనుకునే దానికంటే ఎక్కువ విలువే ఉంది. లోహాల్లో వేడిని అన్నిటికంటే వేగంగా లాగేసేది వెండి. వెండి పళ్లెం మీద పెట్టిన ఐసు ముక్క చూస్తుండగానే అడుగు నుంచి కరుగుతుంది, స్టీలు పళ్లెం మీద తాపీగా కూర్చుంటుంది. వెండి గ్లాసులో పొగలు కక్కే కాఫీ పోస్తే అంచు పట్టుకోలేకపోవడానికీ కారణం ఇదే. స్టీలుకు ఈ గుణం వెండిలో పాతికో వంతు కూడా లేదు. జర్మన్ సిల్వర్‌కు పదో వంతు కంటే తక్కువే. కాబట్టి ఒకే మందం, ఒకే సైజు ఉన్న రెండు పళ్లేలు పక్కపక్కన పెట్టి, రెండు సమానమైన ఐసు ముక్కలు ఒకేసారి పెడితే తేడా కంటికే కనిపిస్తుంది. ఒక్క వస్తువు మీద ఒక్క ముక్క పెట్టి ‘త్వరగా కరిగింది’ అనుకుంటే మాత్రం లాభం లేదు. దేంతో పోలిస్తే త్వరగా? రాగి విషయంలో ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది. వేడిని లాగడంలో రాగి వెండికి చాలా దగ్గర. రాగి పళ్లేనికి వెండి పూత వేసి మీ చేతిలో పెడితే ఐసు ముక్క దాన్ని పట్టుకోలేదు.

నల్లబడటం గురించి ఉన్న అపోహ ఇంకా పెద్దది. ‘ఆరు నెలలకే నల్లబడింది, అసలు వెండి కాదేమో’ అని దుకాణానికి తీసుకెళ్లి గొడవపడేవాళ్లున్నారు. నిజానికి నల్లబడటం వెండి లక్షణం. గాలిలో ఉన్న గంధకపు వాయువులు తగిలితే వెండి మీద సల్ఫైడ్ అనే నల్లటి పొర కడుతుంది. గుడ్డు సొన, ఉల్లిపాయ, రబ్బరు బ్యాండు వల్ల కూడా అంతే. మురుగు కంపు కొట్టే నాలా పక్క ఇళ్లలో వెండి సామాను త్వరగా నల్లబడుతుంది, ఆ కంపులో ఉండేది గంధకపు వాయువే. వెండి వస్తువుకు రబ్బరు బ్యాండు చుట్టి బీరువాలో పెడితే, తీసేసరికి ఆ గీత వెంబడి నల్లని చార ఉంటుంది. ఏళ్ల తరబడి ఏ మచ్చా లేకుండా తళతళలాడే వస్తువునే కొంచెం అనుమానించాలి. వెండి మీద రోడియం లాంటి పూత ఉంటే తప్ప మామూలుగా అలా ఉండదు. పచ్చటి చిలుము పడితే రాగి పాలు ఎక్కువన్నమాట. కానీ ఈ పరీక్ష కూడా పైపొర దగ్గరే ఆగిపోతుంది. వెండి పూత కూడా అసలు వెండి లాగానే నల్లబడుతుంది, ఎందుకంటే పూత వెండే కదా.

చిట్కాలను రెండు కుప్పలుగా విడదీస్తే ఈ గందరగోళం సగం పోతుంది. నల్లబడటం, గుడ్డతో రుద్ది చూడటం, వాసన చూడటం, వంటసోడాతో అల్యూమినియం రేకు మీద కడిగి చూడటం, ఇవన్నీ చర్మాన్ని చూసే పరీక్షలు. ఐసు, మోగించి వినడం, నీళ్లలో తూకం, ఇవి ఒళ్లంతటినీ చూసేవి. పూత వేసిన వస్తువు మొదటి కుప్పలో ప్రతి పరీక్షా పాసవుతుంది. బట్టలుతికే బ్లీచింగ్ చుక్క వేసి చూడమని చెప్పే చిట్కా కూడా ఆ కుప్పలోదే, పైగా అది వస్తువును పాడుచేస్తుంది. దాన్ని వదిలేయండి.

ఒళ్లంతటినీ చూసే పరీక్షల్లో ఇంట్లో చేయదగ్గవాటిలో నాకు గురి ఉన్నది నీళ్లలో తూకం ఒక్కటే. ఒక ఘన సెంటీమీటరు మేలిమి వెండి 10.49 గ్రాములు తూగుతుంది. రాగి 8.96, జర్మన్ సిల్వర్, ఇత్తడి ఎనిమిదిన్నర ప్రాంతం, అల్యూమినియం 2.7. వస్తువు బరువును అది ఆక్రమించే చోటుతో భాగిస్తే ఈ అంకె వస్తుంది. వంకర్లు, నగిషీలు ఉన్న వస్తువు ఎంత చోటు ఆక్రమిస్తుందో కొలవడం ఎలా? వంటింటి డిజిటల్ తూకం, ఒక గిన్నెడు నీళ్లు, కొంచెం దారం చాలు. ముందు వస్తువును పొడిగా తూచి రాసుకోండి. తర్వాత తూకం మీద నీళ్ల గిన్నె పెట్టి మీట నొక్కి సున్నా చేయండి. వస్తువుకు దారం కట్టి, చేత్తో పట్టుకుని, నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. అడుక్కీ అంచుకీ తగలకూడదు. అప్పుడు తూకం ఎన్ని గ్రాములు చూపిస్తే వస్తువు అన్ని ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమించినట్టు.

250 గ్రాముల చెంబు ఉందనుకుందాం. అది 92.5 వెండిదైతే నీళ్లలో వేలాడదీసినప్పుడు తూకం 24 గ్రాములు చూపిస్తుంది. జర్మన్ సిల్వర్‌దైతే 29 దగ్గరికి పోతుంది. ఐదు గ్రాముల తేడా, మామూలు వంటింటి తూకానికి కూడా దొరుకుతుంది. కానీ ఇదే తూకంతో ఒక మెట్టెనో, ఒక రూపాయి బిళ్లనో పరీక్షించబోతే నవ్వులపాలే. అక్కడ తేడా గ్రాములో అయిదో వంతో, అంతకంటే తక్కువో ఉంటుంది. గ్రాములో నూరో వంతు చూపించే జేబు తూకం కావాలి. నీళ్లలో ముంచినప్పుడు వస్తువుకు అంటుకునే గాలి బుడగలు లెక్కను చెడగొడతాయి. ఒక చుక్క సబ్బు నీళ్లు కలిపి, రెండుసార్లు ఆడించి తీస్తే పోతాయి. గజ్జెలున్న పట్టీల్లో గాలి చిక్కుకునే ఉంటుంది కాబట్టి వాటి అంకెను పెద్దగా నమ్మకూడదు.

లోపల ఏదైనా నింపిన వస్తువుల విషయంలో అంకె తగ్గుతుంది. కుందుల అడుగు భాగంలో, బోలు విగ్రహాల్లో, కొన్ని కడియాల్లో లక్కో మైనమో పోస్తారు. పైన ఉన్నది అసలు వెండి రేకే అయినా అంకె 6కో 7కో పడిపోతుంది. నకిలీ అని తొందరపడి తేల్చేయకూడదు. కానీ మిమ్మల్ని ఒక ప్రశ్న అడగమని ఆ అంకె చెబుతోంది: కొన్నప్పుడు బిల్లులో లక్క బరువు తీసేశారా, లేక లక్కకు కూడా వెండి ధర కట్టించుకున్నారా? అంకె 10.6 దాటితే సీసం నింపారేమోనని చూడాలి. సీసం వెండికంటే బరువు. రాగిలో సీసం తగుపాళ్లలో కలిపి అంకెను సరిగ్గా వెండి దగ్గరికి తేవడం లెక్క ప్రకారం సాధ్యమే, అయితే అలాంటి ముద్ద మెత్తగా, మోత లేకుండా మొద్దుగా ఉంటుంది.

నీళ్లలో తూకం ఎక్కడ ఆగిపోతుందో కూడా చూడాలి. 92.5 శాతం వెండి, మిగతాది రాగి అయితే అంకె 10.36. 80 శాతమైతే 10.14. 60 శాతానికి దిగినా 9.8. అంటే వెండి మూడో వంతు పైగా తగ్గినా అంకె ఆరు శాతం కూడా మారలేదు. వంటింటి తూకంలో వచ్చే పొరపాటే అంత ఉంటుంది. జర్మన్ సిల్వర్‌ను వేరు చేయగలిగిన పరీక్ష, కల్తీ పాళ్లు చెప్పమంటే నోరు మెదపదు.

మన మార్కెట్లో అసలు నష్టం ఇక్కడే. సికింద్రాబాద్ దుకాణాల్లో వెండి శాతాన్ని టంచ్ అంటారు. మేలిమి వెండి బాగా మెత్తన, దాంతో పట్టీలు చేస్తే కొక్కేలు వంగి, లంకెలు అరిగిపోతాయి. కొంత రాగి కలపాల్సిందే, అది మోసం కాదు. ఎంత కలిపారో చెప్పకుండా మేలిమి ధర తీసుకోవడమే మోసం. లెక్క వేసి చూడండి. కిలో 2 లక్షలంటే గ్రాము 200. 100 గ్రాముల పట్టీలకు 20 వేలు, మజూరీ వేరే. ఆ పట్టీల టంచ్ 65 అయితే అందులో ఉన్న వెండి 65 గ్రాములు, విలువ 13 వేలు. 7 వేలు రాగికి పెట్టారు. ఆ పట్టీలు అయస్కాంతానికి అంటుకోవు, ఐసును కరిగిస్తాయి, చక్కగా నల్లబడతాయి. ఇంటి పరీక్షలన్నీ పాసవుతాయి.

దుకాణంలో గీటురాయి మీద చూసే పద్ధతి దీనికే పుట్టింది. నల్లటి రాయి మీద వస్తువును గీస్తారు, పక్కనే టంచ్ తెలిసిన వెండి పుల్లతో ఇంకో గీత గీస్తారు. రెండిటి మీదా తేజాబ్ చుక్క వేస్తారు, అంటే నైట్రిక్ యాసిడ్. వెండి కరిగి గీత మసకబారుతుంది, ఉప్పు నీళ్లు తగిలితే పెరుగు తరకలా తెల్లగా విరుగుతుంది. రాగి ఎక్కువుంటే పచ్చగా తిరుగుతుంది. అలవాటైన కన్ను రెండు గీతలను పోల్చి టంచ్ చెబుతుంది. యాసిడ్ కొనుక్కొచ్చి ఇంట్లో చేసేయవచ్చని వీడియోలు చూపిస్తున్నాయి. వద్దు. ఒంటి మీద పడితే కాలుతుంది, లోహం కరిగేటప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకు చేటు. అంతకు మించి, పోల్చే పుల్లలూ ఏళ్ల అలవాటూ లేనిదే ఆ రంగు ఏం చెబుతోందో అర్థం కాదు.

గీటురాయిని కూడా బోల్తా కొట్టించే పని ఒకటుంది, అది ఏ దురుద్దేశమూ లేకుండా ప్రతి వస్తువు తయారీలోనూ జరుగుతుంది. వస్తువు పూర్తయ్యాక కంసాలి దాన్ని కాల్చి పలచటి యాసిడ్‌లోనో, చింతపండు పులుసులోనో ఉడకబెట్టి తెల్లగా తీస్తాడు. అప్పుడు పైపొరలోని రాగి కరిగిపోయి మేలిమి వెండి చర్మం మిగులుతుంది. పైన చూస్తే 95, లోపల 70. అందుకే జాగ్రత్తపరుడైన వ్యాపారి ముందు ఆకురాయితో ఒక మూల గాటు పెట్టి, ఆ గాటు దగ్గర గీస్తాడు. కేరట్ మీటర్ అని పిలిచే ఎక్స్‌రే యంత్రం కూడా పైపొరనే చదువుతుంది, లోతుకు పోదు. ఆ యంత్రం ఇచ్చిన కాగితం మీద దశాంశాలతో అంకె ఉంటుంది కాబట్టి మనకు నమ్మకం ఎక్కువ. గాటు పెట్టకుండా చదివిన అంకెకు అంత నమ్మకం అక్కర్లేదు.

సికింద్రాబాద్ ఇళ్లలో ఇంకో రకం వెండి ఉంది, పాత రూపాయలు. కంటోన్మెంటులో బ్రిటిష్ ఇండియా రూపాయి చెల్లేది, దాన్ని కల్దార్ అనేవాళ్లు. నిజాం రాజ్యంలో హాలీ సిక్కా. అందుకే ఇక్కడి పాత కుటుంబాల్లో రాణీ బొమ్మ రూపాయి, చార్మినార్ బొమ్మ రూపాయి రెండూ కనిపిస్తాయి. కల్దార్ 11.66 గ్రాములు, వెండి దాదాపు 91.7 శాతం. చార్మినార్ రూపాయి 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వెండి కరవై 1940 నుంచి బ్రిటిష్ రూపాయిని 50 శాతానికి దించారు, మిగతాది రాగి, నికెల్, జింక్. 1947 నాటి, వెనక పులి బొమ్మ ఉన్న జార్జి రూపాయిలో వెండి అసలు లేదు, అది పూర్తిగా నికెల్. అయస్కాంతానికి టక్కున అంటుకుంటుంది. నాణెం అసలుదే, వెండిది కాదు. ఇలాంటిచోట సంవత్సరం చదవడమే మొదటి పరీక్ష. రాణీ రూపాయలకు నకిలీలు కూడా పుష్కలం. జేబు తూకంతో బరువు, నీళ్లలో తూకం రెండూ చూస్తే పోతపోసిన నకిలీ చాలావరకు దొరికిపోతుంది: అసలు కల్దార్ నీళ్లలో 1.13 గ్రాములు చూపించాలి, జర్మన్ సిల్వర్‌దైతే 1.3 దాటుతుంది. పూర్వం షరాబు రాతి మీద మోగించి వినేవాడు. ఆ చెవి ఇప్పుడు అరుదు, అయినా ఇంట్లో అసలుదని తెలిసిన నాణెం ఒకటి ఉంటే రెండూ మోగించి పోల్చుకోవచ్చు.

ఇక దేవుళ్లకూ అమ్మవార్లకూ మొక్కుగా ఇచ్చే పల్చటి రేకు కళ్లు, మీసాలు, తిరునామాలు. అర గ్రాము, గ్రాము బరువుండే వీటిని ఇంట్లో ఏ పరీక్షా పట్టుకోలేదు. ఎంతకు కొన్నారో చూసుకుంటే చాలు.

కొత్తగా కొనేవాళ్లకు మాత్రం ఈ తంటా అంతా అక్కర్లేదు. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ వెండికి హాల్‌మార్కింగ్, అంటే శుద్ధత పరీక్షించి ముద్ర వేయడం, 2005లోనే మొదలుపెట్టింది. 2025 సెప్టెంబరు 1 నుంచి ముద్రతో పాటు ప్రతి వస్తువుకూ హెచ్‌యూఐడీ అనే ఆరక్షరాల కోడ్ వచ్చింది. వస్తువు మీద మూడు ఉండాలి: సిల్వర్ అన్న మాటతో బీఐఎస్ గుర్తు, శుద్ధత అంకె, ఈ కోడ్. శుద్ధతలో ఏడు తరగతులు: 800, 835, 925, 958, 970, 990, 999. బీఐఎస్ కేర్ యాప్‌లో కోడ్ కొడితే అది ఏ వస్తువు, శుద్ధత ఎంత, ఎప్పుడు, ఎక్కడ పరీక్షించారు అన్నవి వస్తాయి. భరిణె మీద ఉన్న కోడ్ కొడితే యాప్‌లో ఉంగరం అని వస్తే అక్కడితో ఆపేయండి. కోడ్ లేకుండా 925 అని ఒక్క అంకె ఉంటే అది దుకాణదారు మాటే తప్ప పరీక్ష ఫలితం కాదు, అంకె కొట్టే పంచ్ ఎవరైనా చేయించుకోవచ్చు. ఇంకో మెలిక ఉంది. బంగారానికిలా వెండికి హాల్‌మార్క్ తప్పనిసరి కాదు, వ్యాపారి ఇష్టం. కాబట్టి హాల్‌మార్క్ లేని వెండి అమ్మడం నేరం కాదు, అడగాల్సింది మనమే. 80 కంటే తక్కువ టంచ్ ఉన్న పట్టీలు ఈ ఏడు తరగతుల్లో దేనిలోకీ రావు. హాల్‌మార్క్ పట్టీలు కావాలని అడిగితే దుకాణదారు ఎందుకు మాట మారుస్తున్నాడో దాన్నిబట్టి కొంత అర్థం చేసుకోవచ్చు.

హాల్‌మార్క్ లేకపోతే బిల్లులో బరువు, టంచ్, మజూరీ, రాళ్లో లక్కో ఉంటే వాటి బరువు విడివిడిగా రాయించుకోవాలి. ‘వెండి సామాను, ఇంత మొత్తం’ అని ఒకే వరస రాసిన చీటీ రేపు ఎందుకూ పనికిరాదు. టంచ్ రాయించుకున్న బిల్లుంటే, అదే దుకాణానికి తిరిగి తీసుకెళ్లినప్పుడు తరుగు పేరుతో సగానికి కోయడం అంత సులువు కాదు.

పాతవి అమ్మేటప్పుడు పెద్ద మొత్తమైతే కరిగించి చూడటమే కచ్చితమైన దారి. మూసలో వేసి కరిగిస్తే పైచర్మం, లోపలి ముద్ద, టంకం అన్నీ ఒక్కటవుతాయి. ఆ కడ్డీ నుంచి తీసిన ముక్కకు వచ్చే టంచే అసలు టంచ్. కరిగించేటప్పుడు ఎదురుగా ఉండండి, కరిగించక ముందు బరువు, తర్వాత బరువు రెండూ రాసుకోండి. లక్క, మట్టి, రాళ్లు పోయి కొంత తగ్గుతుంది. పరీక్ష మీరు అమ్మబోయే దుకాణంలో కాకుండా వేరేచోట చేయించుకుని కాగితం పట్టుకెళ్తే బేరం తీరు మారుతుంది. కరిగించడానికి ముందు ఒక్కసారి మూటంతా అయస్కాంతంతో, నీళ్లలో తూకంతో ఇంట్లోనే వడపోసుకోండి. జర్మన్ సిల్వర్ భరిణె ఒకటి తెలియక మూసలో పడితే మంచి వెండి టంచ్ కూడా దాంతోపాటు దిగిపోతుంది. పాత రూపాయలను మాత్రం కరిగించే కుప్పలో వేయొద్దు, కొన్ని సంవత్సరాల నాణేలకు వెండి ధర కంటే నాణేలు సేకరించేవాళ్లు ఇచ్చే ధరే ఎక్కువ.